గ్రాసాచ్ఛాదనములు, దాయము: హిజ్రాల వార్ధక్యగృహమును చిత్రించిన రెండు గ్రంథములు

తృతీయప్రకృతికి చెందినవారి జీవితమును వస్తువుగా గొని యీ శతాబ్దమున వెలువడిన రచనలలో రెండు గ్రంథములు పండితుల పరిశీలనకు దగియున్నవి. మొదటిది, ఎ. రేవతి తమిళమున వ్రాసికొనగా వి. గీత చేసిన యాంగ్లానువాదమున 2010లో ప్రకటింపబడిన స్వీయచరిత్రము. దీనిని శ్రీమతి పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేర తెలిగించి, 2019 సంవత్సరమునకు సాహిత్య అకాడమివారి యనువాదపురస్కారమును బడసిరి. రెండవది, అరుంధతీరాయి 2017లో ప్రకటించిన ‘ది మినిస్ట్రీ ఆఫ్ అట్‌మోస్ట్ హ్యాపీనెస్’ అను నాంగ్లనవల. మొదటిది యథార్థచరిత్రము, రెండవది కల్పితేతివృత్తము. ఈ రెంటినిగూర్చి లింగభేదవిషయకమగు చర్చ విస్తారముగా జరిగినది. అయినను, ముదిమి పైబడినపుడు ఈ వ్యక్తు లెచట నుందురు, ఆ చోటు ఏ హక్కున వారిది యగును, అను ప్రశ్నయే రెండు గ్రంథములకును ప్రాణమని తోచుచున్నది. ఆ ప్రశ్నమును బట్టి వీనిని పరిశీలించుటయే యీ వ్యాసోద్దేశము.

తెలుగున ‘ఇల్లు’ అను మాటకు కట్టడ మను నర్థము కలదు; కుటుంబ మను నర్థమును గలదు. ఇంటిపేరు, ఇల్లాలు, ఇంటివాడగుట మొదలగు పలుకుబడులన్నియు ఈ రెండర్థముల కలయికవలన బుట్టినవే. హిజ్రాల వ్యవహారమునను ఇట్టిదే యొకటి కలదు. వారు ‘ఘర్’ అనునది ప్రధానముగా గురుశిష్యపరంపరారూపమగు వంశము. హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో పరిశోధన మొనర్చి గాయత్రీరెడ్డి 2005లో ప్రకటించిన ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ అను గ్రంథమున షహర్‌వాలా, లష్కర్‌వాలా యను రెండిండ్లు వర్ణింపబడినవి; నగరము నంటియున్నవారు మొదటివారు, దండు నంటియున్నవారు రెండవవారు. సికింద్రాబాదు రైలుస్టేషను చేరువ నీళ్లట్యాంకు క్రింద మనుగడ సాగించిన హిజ్రాల వృత్తాంతమును ఆ గ్రంథముననే చదువనగును. అట్టివారికి వంశరూపమగు ఇల్లు కలదు. కట్టడరూపమగు ఇల్లు లేదు. యౌవనమున నీ రెంటి నడిమి వ్యత్యాసము అంతగా బాధింపదు. వార్ధక్యమున నదియే సర్వబాధలకును మూలము. ఇల్లను పదముయొక్క రెండర్థములు ఏ వయస్సున, ఏ కారణమున విడిపోవునో ఈ గ్రంథములు తెలుపుచున్నవి.

గ్రంథవిచారమునకు ముందు మన ధర్మశాస్త్రములయం దీ విషయ మెట్లున్నదో స్మరించుట యుచితము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున దాయభాగమునకు అనర్హులైనవారి పట్టిక యొకటి కలదు. క్లీబుడు, పతితుడు, జాత్యంధుడు, బధిరుడు మున్నగువారందు బేర్కొనబడిరి. వారికి భాగము లేదు. అయినను వారికి యావజ్జీవము యథాశక్తిగా గ్రాసాచ్ఛాదనములు, అనగా కూడును గుడ్డయు, దాయాదులు సమకూర్పవలెను. సమకూర్పనివాడు పతితు డగును. యాజ్ఞవల్క్యుడును వీరిని భాగములేని భర్తవ్యులనుగా నిర్ణయించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర ననుసరించి కేతన తెలుగున ‘విజ్ఞానేశ్వరీయము’ రచించిన విషయము విదితమే. క్లీబశబ్దార్థమును నేటి హిజ్రాశబ్దార్థమును సర్వాత్మనా ఒక్కటి గావు. వ్యాఖ్యాతలలోనే క్లీబలక్షణమునుగూర్చి మతభేదములున్నవి. అయినను శాస్త్రకారుల విభజనము మనకు ముఖ్యము. ఒకవైపు పోషణము, ఒకవైపు భాగము. పోషణము పెట్టువాని ధర్మము. భాగము పొందువాని హక్కు. మొదటిదానిని విధించి రెండవదానిని నిరాకరించుట యా శాస్త్రమర్యాద.

భాగములేని పోషణ మెట్టిదో భారతమే చెప్పుచున్నది. పైపట్టికయందలి జాత్యంధుడే ధృతరాష్ట్రుడు. ఆ కారణముననే యతనికి రాజ్యార్హత తప్పినది. యుద్ధానంతరమున నతడు పదునైదేండ్లు ధర్మరాజు గృహమున సకలోపచారములతో వసించెను. కూటికి గుడ్డకు లోపము లేదు. ధర్మరాజు భక్తికి లోపము లేదు. అయినను భీముని పరుషవాక్యములు చెవిసోకగా ఆ వృద్ధునకు నిర్వేదము కలిగి వనమునకు బోవ నిశ్చయించెను. తిక్కన యాశ్రమవాసపర్వమున నీ ఘట్టమును జదివినవారికి, పరుని దయపై నిలిచిన నివాసమున నొక్కమాట యెంత పనిచేయునో తెలియును. ఇక బృహన్నల కథను జూతము. పేడిరూపమున విరాటుని యింట నర్జునునకు ఆశ్రయము లభించినది, గౌరవమును లభించినది. కాని యది యొక్క సంవత్సరపు టజ్ఞాతవాసము. గడువు తీఱగానే యతనికి గాండీవమును గలదు, రాజ్యభాగమును గలదు. బృహన్నల బృహన్నలగానే యుండి ముదుసలియైనచో విరాటుని కొలువున నామె కెట్టి చోటుండెడిదో చెప్పవలసిన యావశ్యకము ఆ కథకు లేదు. ఆ యావశ్యకమే నేటి గ్రంథముల కేర్పడినది.

రేవతి యాత్మకథయందు ‘పుట్టినిల్లు’ ఒక పాత్రమువలె వర్తించును. నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగబిడ్డగా బెరిగిన యామె తన స్వభావము నెఱిగి యిల్లువిడిచి ఢిల్లీకి, ముంబయికి బోవును, మఱల వచ్చును, అన్నలచేత దెబ్బలు తినును, మఱల వెడలును. బెంగుళూరున హిజ్రాలు నడపు హమాముయొక్క నీడన గొంతకాల ముండును. ఇంటికి ధనము పంపును. ఆస్తిపంపకముల కలహమున జిక్కును. ఈ రాకపోకలలో గొందఱు పునరుక్తిదోషము నెన్నవచ్చును. అది దోషము గాదని నా మతము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన సామెత. ఈ కథానాయికకు క్రమము విపరీతమైనది. రచ్చలో దిరిగి, రచ్చలో నార్జించి, ఆ యార్జనముతో నింట గెలువ జూచినది. ఒక్కసారితో గెలుపు లభింపదు గనుక మరలమరల వచ్చుచున్నది. రాకలెన్నియైనను, ప్రతిరాకయందును ఆమె స్థితి కొంచెము మాఱుచునే యున్నది: ఒకసారి పాఱిపోయి పట్టుబడినవాడు, ఒకసారి ఆర్జించి తెచ్చు బిడ్డ, ఒకసారి భాగము నడుగు దాయాది. మొదటి రెండు స్థితులను కుటుంబము ఏదో యొకవిధముగ సహింపగలిగినది. మూడవస్థితి వచ్చినపుడే కలహము ముదిరినది.

ఈ గ్రంథముయొక్క విలువ యిచటనే కలదు. హిజ్రా తెచ్చు ధనమున కింట బ్రవేశ మున్నది, హిజ్రాకు భాగము లేదు, అను లోకవైఖరిని రచయిత్రి వాదముగా జెప్పక, తగవులమాటలద్వారమున వ్యక్తముచేసినది. శాస్త్రము పోషింపుమన్నచోట, కుటుంబము పోషణమును దానే స్వీకరించి, భాగ మడిగినపుడు శాస్త్రమువలెనే నిరాకరించినది. కాలమున నీ నిషేధము చట్టమునుండి తొలగినది. 1928 నాటి హిందూవారసత్వానర్హతానివారణచట్టము పుట్టుకతోడి యున్మాదమును బుద్ధిమాంద్యమును దప్ప తక్కిన యనర్హతలను ద్రోసివేసినది. 1956 నాటి హిందూవారసత్వచట్టము రోగమువలనగాని యంగలోపమువలనగాని వారసత్వము దప్పదని 28వ విభాగమున శాసించినది. శాసనములు మాఱినను పంపకమునాటి మాటలు మాఱలేదనుటకు ఈ యాత్మకథయే నిదర్శనము.

అనువాదమునుగూర్చి యొక్కమాట. హిజ్రాల బంధుత్వపదములు తెలుగునకు దెచ్చుట సులభము గాదు. ‘చేలా’ యను పదమును శిష్యురాలని తెలిగించినచో విద్యాసంబంధము మాత్రమే స్ఫురించును. ఆ పదమున కూతురును, కోడలును, వారసురాలును గలసియున్నారు. గురువు ముదిసినపుడు అన్నము వండిపెట్టునది, మంచము పట్టినపుడు సేవచేయునది, మరణానంతరము ఆ యిల్లు నిలుపునది చేలాయే. గురువునకు గురువు ‘నాని’, అనగా అమ్మమ్మ. ఈ పదజాలమంతయు నింటి మాటలతో నిర్మింపబడినది. బడిపంతులకును శిష్యునకును నడుమ లేని యొకటి యిందున్నది: ముదిమికి భరోసా. ఆంధ్రపాఠకుడు ఈ గ్రంథమును జదువునపుడు ఈ యర్థసంపుటి నెఱిగి చదువవలెను.

ఆ భరోసాయు నిరపాయము గాదు. చేలా యొక గురువును విడిచి వేఱొక గురువును జేరుటకు దండము చెల్లింపవలసిన యాచారము కలదు. ధనము ప్రవహించుచోటనే శిష్యులు నిలుతురు. పైగా ప్రభుత్వశాసనములే యీ పరంపరయొక్క మూలమును ఖండించినవి. 1871 నాటి నేరస్థజాతుల చట్టపు రెండవభాగము, అనుమానమునకు బాత్రులైన హిజ్రాల పేళ్లను, నివాసములను పట్టికలో వ్రాయించినది. అట్లు వ్రాయబడినవారు బాలసంరక్షకులుగా నుండుటకును, దానము చేయుటకును, మరణశాసనము వ్రాయుటకును, దత్తత స్వీకరించుటకును అనర్హులని విధించినది. ఈ నాలుగును జేరినచో ‘ఇల్లు’ ఒక తరమునుండి మఱియొక తరమునకు సాగు త్రోవలన్నియు మూసినట్లే. నైజాము రాజ్యమున ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, ఇట్టి చట్టమే యొకటి వచ్చినది. పట్టికలో జేరినవారి యింట బదునాఱేండ్లు నిండని బాలుడున్నను అది శిక్షార్హమైన నేరమాయెను. ఈ చట్టమును రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ ఉన్నతన్యాయస్థానము 2023 జూలైలో గొట్టివైచెను. ఆసరా పింఛనులలో వీరిని జేర్పవలెననియు ఆదేశించెను. మంచిదే. పింఛను గ్రాసాచ్ఛాదనకోటిలోనిది, వృద్ధురాలి కది యవశ్యము. అయినను తలదాచుకొను చోటు ఏ హక్కుననో యను ప్రశ్న యట్లే నిలిచియున్నది.

ఇక నవలకు వత్తము. అఫ్తాబను పేర బుట్టి అంజుమ్ అయిన నాయిక పాతఢిల్లీలోని ‘ఖ్వాబ్‌గా’ యను హిజ్రాగృహమును జేరును. ఖ్వాబ్‌గా యనగా స్వప్నగృహము. అచటివారు వెలుపలి లోకమును ‘దునియా’ యందురు. ఆ గృహమునకు ఉస్తాద్ కుల్సూమ్ బీ పెద్ద. అంజుమ్ అందు ముప్పది యేండ్లకు మించి వసించును, ప్రసిద్ధి గాంచును, దొరికిన పసిబిడ్డ జైనబును పెంచుకొనును. తరువాత 2002 నాటి గుజరాతు హింసలో జిక్కి ప్రాణములతో మరలివచ్చినను, పూర్వపు మనిషిగా మరలిరాదు. అంతలో సయీదా యను పిన్నవయస్కురాలు, క్రొత్తకాలపు మాటలు నేర్చినది, ఆ యింట పైకివచ్చును. బిడ్డ మనసును అటే మొగ్గును. నలుబదియాఱేండ్ల వయస్సున అంజుమ్ ఆ యిల్లు విడిచి శ్మశానవాటికకు బోవును.

ఈ ఘట్టము నవలకెల్ల మకుటము. ఎవ్వరును ఆమెను మెడబట్టి గెంటలేదు. స్వప్నగృహమున నామెకు గౌరవము గలదు, అన్నము గలదు. లేనిది నిశ్చయము. ఒక్క క్రొత్తగొంతుక పైకి లేవగానే పాతగొంతుక అతిథిగొంతుక యైనది. ధృతరాష్ట్రుని నిర్వేదమునకును అంజుమ్ నిర్వేదమునకును చుట్టఱికము స్పష్టము. భేద మొక్కటి కలదు. ధృతరాష్ట్రుడు వనమునకు బోయినది ఆశ్రమధర్మముగా. రాజును, పౌరులను వీడ్కొని, గాంధారీకుంతీవిదురసంజయుల తోడ. వానప్రస్థము విడుచుటకు ఇల్లున్నవారికి విధింపబడిన ధర్మము. అంజుమ్‌నకు విడుచుటకు దనదను గృహమే లేదు గనుక ఆమె ప్రయాణమునకు శాస్త్రమున బేరు లేదు.

శ్మశానమున నామె బంధువుల సమాధులచుట్టు గోడలు లేపి గదులు గట్టును. ప్రతిగదిలోను ఒక సమాధి. మార్చురీనుండి విద్యుత్తును దొంగచాటుగా దెచ్చుకొనును. గురుపరంపరల కట్టుబాట్లనుండి జాఱిన హిజ్రాలకు, ఎవ్వరును జేరదీయనివారికి, ఆ చోటు ‘జన్నత్ గెస్ట్ హౌస్’ అగును. పురపాలకులు నిషేధపు నోటీసు నంటింతురు, పడగొట్టుటకు జంకుదురు, హిజ్రాల శాపమునకు భయపడుదురు, తుదకు పండుగలనాటి మామూళ్లకు విందుభోజనమునకు సమ్మతింతురు. కల్పనము గదా యని దీనిని ద్రోసిపుచ్చరాదు. మోనా అహమ్మదు అను ఢిల్లీ హిజ్రా తనవారిచే వెలివేయబడి, పెంపుడుకూతురు దూరమై, శ్మశానముననే యిల్లు గట్టుకొని నివసించినది. ఆమె జీవితమును దయానితా సింగు ఛాయాచిత్రములతోడను, మోనా లేఖలతోడను గూడిన గ్రంథము 2001లోనే వెలువడినది. మోనా 2017లో మరణించినది. ఢిల్లీలోనే మెహ్రౌలీయందు లోడీలకాలపు సమాధిస్థల మొకటి ‘హిజ్రోంకా ఖాన్‌కా’ యను పేర నేటికిని నిలిచియున్నది. తుర్కమాన్‌గేటు హిజ్రాలు దానిని గాపాడుచు వచ్చిరి. చనిపోయిన హిజ్రాలకు శతాబ్దములు నిలిచిన చోటున్న నగరమున, బ్రదికియున్న వృద్ధహిజ్రా చోటు వెదకికొనుచు శ్మశానమునకే చేరినది.

నవలయందలి గుణము నింతవఱకు జెప్పితిని. లోపమును జెప్పవలెను. జన్నత్ గెస్ట్ హౌస్ స్థిరపడిన పిమ్మట రచయిత్రి దానిని లోకపీడితులందఱికిని శరణ్యముగా విస్తరింపజేసినది. కాశ్మీరకథ వచ్చి చేరును, పిల్లలు, పశుపక్ష్యాదులు చేరుదురు, పెండ్లిండ్లు జరుగును, చావులకు సంస్కారములు జరుగును. ఈ విస్తరణమున మొదటి ప్రశ్న మఱుగుపడినది. ఆ యింటికి పట్టా లేదు. అది నిలుచుట మామూలుపైనను, శాపభయముపైనను. అంజుమ్ మంచము పట్టిననాడు మామూలు చెల్లించువారెవరు? ఆమె పోయిన పిమ్మట ఆ గదులు ఎవరివి? కుల్సూమ్ బీ యింట నంజుమ్‌నకు దక్కని నిశ్చయము అంజుమ్ యింట మఱియొకతెకు దక్కునా? నవల యీ ప్రశ్నలకడ నిలువక, ఆనందముతో ముగియును. రేవతి గ్రంథమున నానందము తక్కువ. అయినను ఇంటిపేచీని తుదివఱకు దప్పించుకొనలేదు. కల్పనయందు నవల మిన్న. గృహప్రశ్నయందు ఆత్మకథ మిన్న. ఇదియే నా తారతమ్యనిర్ణయము.

ఇచట గొందఱిట్లాక్షేపింపవచ్చును: పట్టాలు, వారసత్వములు న్యాయవాదుల విషయములు, కావ్యవిమర్శకునకు రసమే ప్రమాణము గాని రిజిస్ట్రీకాగితములు గావు, జన్నత్ గృహము కరుణాద్భుతముల సమ్మేళనము, దానికి పట్టా యడుగుట యరసికత. ఆక్షేపము తేలికది గాదు. కాని కరుణమునకు స్థాయి శోకము. శోకమునకు విభావము కావలెను. అంజుమ్ ఖ్వాబ్‌గాను విడుచు ఘట్టమున మనకు గలుగు శోకమునకు విభావము నివాసానిశ్చయమే. అదే యనిశ్చయము జన్నతున నుండియు గానరాకపోవుట విభావమును నడుమ విడిచిపెట్టుట. కావున ఈ లోపము న్యాయశాస్త్రదృష్టిచేత మాత్రమే తోచునది గాదు, రసదృష్టికిని దోచునదే.

లోకమునకు జూచినను ఈ ప్రశ్న తీఱలేదు. 2011 జనగణనమున పురుషులనియు స్త్రీలనియు గాక ‘ఇతరులు’గా వ్రాయించుకొన్నవారు దేశమున 4,87,803, నాటి యవిభక్తాంధ్రప్రదేశమున 43,769. సర్వోన్నతన్యాయస్థానము 2014 ఏప్రిలులో వీరి లింగస్వాతంత్ర్యమును గుర్తించినది. 2019లో జేసిన ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కుల పరిరక్షణచట్టము, తల్లిదండ్రులుగాని కుటుంబసభ్యులుగాని నివసించు నింట నివసించు హక్కును 12వ విభాగమున వీరికి నిచ్చినది. కుటుంబము పోషింపజాలనిచో న్యాయస్థానము పునరావాసకేంద్రమునకు బంపవచ్చునన్నది. పుట్టినిల్లు, కాదేని పునరావాసకేంద్రము: ఈ రెంటి నడుమ గురువు యిల్లను మూడవయిల్లు ఆ విభాగమున లేదు. తల్లిదండ్రులు గతించిన యఱువదేండ్ల హిజ్రాకు పుట్టినింటి హక్కు అన్నల మనుమల దయపై నిలుచును. న్యాయస్థానములు మాత్ర మా మూడవయింటిని బొత్తుగా నెఱుగకపోలేదు. 1990లో మధ్యప్రదేశ ఉన్నతన్యాయస్థానము, హిజ్రా గురువుయొక్క సొత్తు సంఘములోని పరంపరకే చెందు నాచారమును మన్నించి, వెలుపలి వ్యక్తికి వ్రాసిన మరణశాసనమును ద్రోసిపుచ్చినది. ఆ తీర్పు ఇంటిని నిలిపినది. ఆ యింట నివసించినవారి స్వేచ్ఛను దగ్గించినది. రెండును నిజమే.

గురుపరంపరయు లేని మఱికొందఱు కలరు. కలసి ముదిసిన స్వలింగానురాగులగు జంటలలో నిల్లు ఒక్కరి పేర నుండి, ఆ యొక్కరు మరణశాసనము వ్రాయక కాలము చేసినచో, ఇల్లు దాయాదులకు బోవును. నలువదియేండ్ల సహచరునకు 1956 నాటి చట్టపు వారసులపట్టికలో స్థానము లేదు. వారి వివాహమును గుర్తించుట శాసనసభల పని యని సర్వోన్నతన్యాయస్థానము 2023 అక్టోబరు 17వ తేదీన నిర్ణయించినది. ఈ వర్గముయొక్క వార్ధక్యమును, ఇంటిచింతను చిత్రించు ప్రౌఢరచన తెలుగున రావలసియున్నది.

పరిశోధకులకు, భాషోపాధ్యాయులకు ఈ విషయమున గర్తవ్యము కలదు. పీఠముల గురుపరంపరలను, సంస్థానముల వంశావళులను సేకరించి కాపాడిన పరిశోధకవర్గము మనది. హైదరాబాదు హిజ్రాయిండ్ల గురుపరంపరలు వృద్ధుల నోళ్లయందు మాత్రమే నిలిచియున్నవి. వారితోనే యవి గతించును. ఏ యిల్లు ఏ వీథిలో నెన్ని తరములు నిలిచినది, ఎవరినుండి యెవరికి సంక్రమించినది, ఏ వాఙ్మూలము మీద, ఏ కాగితము మీద సంక్రమించినది అను వృత్తాంతములు వారి సమ్మతితో వ్రాసియుంచినచో అవి చరిత్రకు సామగ్రి యగును; ఆచారమే ప్రమాణముగా వాదములు నడచు న్యాయస్థానములలో సాక్ష్యమును గాగలవు. నిఘంటుకారులు ‘పేడి’ పదముక్రింద పర్యాయపదములను జేర్చి యూరకొనక, ‘ఘర్’, ‘చేలా’, ‘నాని’ పదములను వాని యర్థభేదములతో నెక్కింపవలెను. శాస్త్రము గ్రాసాచ్ఛాదనముల నంగీకరించి దాయమును గాదన్నది; చట్టము దాయమును నోట ననుగ్రహించినది; ఇంటిగడప యింకను అంగీకరింపవలసియున్నది. రేవతి గ్రంథమును పాఠశాలలలోను విద్వద్గోష్ఠులలోను జదివించుట ఆ గడపకు జేరు త్రోవలలో నొకటి యని విన్నవించుచున్నాను.